ఒంటికంటి దుర్భిణి: ఎంచుకోవడం, వాడుకోవడం



ఈ సంచికలో పిల్లలకు, తల్లిదండ్రులకు పనికొచ్చే పాఠం ఒకటి రాయమని ప్రతి ఏడూ నన్ను అడుగుతారు. ఈసారి పాఠం పిల్లలకు నేను చెప్పింది కాదు, నేనే నేర్చుకున్నది. కిందటి ఏడు మన విద్యానిధి సొమ్ముతో ఆదివారం తరగతుల పిల్లల కోసం పది చిన్న దుర్భిణీలు కొన్నాం. కొన్నది నేనే. అది జకాత్ సొమ్ము కాదు, పిల్లల చదువుకని మీరు విడిగా ఇచ్చింది. అయినా అమానత్ అమానతే. ఆ పదింటిలో ఈ రోజు పనికొచ్చేది ఒక్కటి కూడా లేదు. ఎందుకు అలా జరిగింది, మంచి దుర్భిణిని ఎలా గుర్తుపట్టాలి, దానితో పిల్లలకు ఏం చూపించాలి అనేవి వరుసగా చెబుతాను. మీలో ఎవరైనా మనవళ్ళకు, మనవరాళ్ళకు ఇలాంటిది కొనాలనుకుంటే నా పొరపాటు మీరు చేయకుండా ఉంటే చాలు.

దుర్భిణి అంటే ఏమిటి?

మన ఇళ్లలో పెద్దవాళ్ళు దీన్ని దూర్బీన్ అంటారు. ఫారసీలో దూర్ అంటే దూరం, బీన్ అంటే చూసేది. ఆ మాటే తెలుగులో దుర్భిణి అయింది. రెండు కళ్ళతో చూసేది బైనాక్యులర్. అందులో సగం, అంటే ఒక్క గొట్టం మాత్రమే ఉండి ఒక కంటితో చూసేది మోనోక్యులర్. అరచేతిలో, చొక్కా జేబులో ఇమిడిపోతుంది.

లోపలి పనితీరు పదో తరగతి భౌతికశాస్త్రమే. ముందున్న పెద్ద అద్దం వస్తు కటకం. అది దూరంగా ఉన్న వస్తువు నుంచి వచ్చే వెలుగును పోగుచేసి తలకిందులుగా ఒక చిన్న ప్రతిబింబం ఏర్పరుస్తుంది. మధ్యలో ఉన్న పట్టకాలు దాన్ని తిరిగి నిటారుగా చేస్తాయి. కంటి దగ్గరున్న అక్షి కటకం దాన్ని పెద్దది చేసి చూపిస్తుంది. వస్తువు మీది వెలుగు కంటిలోకి రావడం వల్లనే మనకు చూపు కలుగుతుందని, కంటి నుంచి కిరణాలు బయటికి వెళ్ళడం వల్ల కాదని పదకొండో శతాబ్దంలోనే వాదించి, ప్రయోగాలతో పరిశీలించినవాడు ఇబ్న్ అల్ హైతమ్. బస్రాలో పుట్టి కైరోలో ఉండి ఆయన రాసిన ‘కితాబుల్ మనాజిర్’ లాటిన్‌లోకి అనువాదమై యూరప్ పండితులకు కూడా పాఠ్యగ్రంథమైంది. ఈ మాట చెబితే పిల్లలు దుర్భిణిని ఇంకొంచెం శ్రద్ధగా పట్టుకుంటారు.

పిల్లలకు బైనాక్యులర్ కంటే మోనోక్యులర్ ఎందుకు మేలు? పెద్దవాళ్ళ బైనాక్యులర్‌లో రెండు గొట్టాల మధ్య దూరం చిన్న ముఖాలకు సరిపోదు. ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారిన ప్రతిసారీ మళ్ళీ సరిచేయాలి. మోనోక్యులర్‌కు ఆ బాధ లేదు. బరువు తక్కువ, ఖర్చూ తక్కువ. అయితే గంటల తరబడి చూసేవారికి రెండు కళ్ళతో చూడటమే హాయి. అలాంటి అలవాటు ఉన్న పెద్దలు బైనాక్యులరే కొనుక్కోవడం మంచిది.

గండికోటలో ఏం జరిగింది?

పది దుర్భిణీలు చేతికి రాగానే వల్లూరు నుంచి బస్సు మాట్లాడుకొని, ప్రొద్దుటూరులో మరికొందరు పిల్లలను ఎక్కించుకొని, జమ్మలమడుగు మీదుగా గండికోటకు వెళ్ళాం. పెన్నా నది ఎర్రమల కొండలను కోసుకుంటూ పారే ఆ లోయ, కోట, జామియా మసీదు, మాధవరాయ ఆలయం, ధాన్యాగారం మీలో చాలామంది చూసే ఉంటారు. 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా ఈ కోటను పట్టుకున్నాడు. 1652లో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తవెర్నియే ఇక్కడికే వచ్చి ఆయనను కలిశాడు. ఇవన్నీ చెప్పి, పిల్లలను లోయ అంచుకు దూరంగా బండల మీద కూర్చోబెట్టి దుర్భిణీలు ఇచ్చాను. ఎదుటి గోడలాంటి కొండ సందుల్లో పావురాలు వాలుతున్నాయి, పైన గద్దలు తిరుగుతున్నాయి.

ఐదు నిమిషాలు గడిచాక ఏడో తరగతి పిల్లవాడొకడు దుర్భిణి నా చేతికి తిరిగి ఇచ్చేశాడు. “సార్, ఊరికే కండ్లతో చూసేదే మేలుగా ఉంది” అన్నాడు.

నేనూ చూశాను. వాడు చెప్పింది నిజమే. బొమ్మ మసగ్గా ఉంది. పావురం చుట్టూ ఊదా, పసుపు రంగుల అంచులు. కాస్త చెయ్యి కదిలితే కొండంతా ఊగుతోంది. పెట్టె మీద మాత్రం 40×60 అని పెద్ద అక్షరాలు. అంకె ఎంత పెద్దదైతే అంత మంచిదనుకొని, ధర తక్కువ కదా అని ఫోనులో బొమ్మ చూసి తెప్పించినవాణ్ణి నేనే. ఒకటి తెప్పించి పరీక్షించి, తరువాత తొమ్మిది తెప్పించి ఉండాల్సింది. ముప్పై ఏళ్లుగా కటకాల పాఠం చెబుతూ ఆ పని చేయలేదు. తిరిగి పంపే గడువు కూడా అప్పటికే దాటిపోయింది.

పెట్టె మీది అంకెలు

దుర్భిణి మీద 8×25, 8×42, 10×25 లాంటి అంకెలు ఉంటాయి. మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో చెబుతుంది. 8 అంటే 80 మీటర్ల దూరంలో ఉన్న కొంగ 10 మీటర్ల దూరంలో ఉన్నట్టు కనిపిస్తుంది. రెండో అంకె వస్తు కటకం వ్యాసం, మిల్లీమీటర్లలో.

మొదటి అంకె పెరిగితే మూడు నష్టాలు. చేతి వణుకు కూడా అన్ని రెట్లు పెరుగుతుంది. ఒకేసారి కనిపించే మేర తగ్గిపోతుంది, కాబట్టి ఎగిరే పిట్ట దొరకదు. బొమ్మ చీకటి పడుతుంది. చేత్తో పట్టుకొని చూసేదానికి 8 సరైన అంకె. 10 దాటితే స్టాండు కావాలి.

రెండో అంకెను మొదటి అంకెతో భాగిస్తే కంటికి అందే వెలుగు బిళ్ళ వెడల్పు వస్తుంది. 8×25లో అది సుమారు 3 మిల్లీమీటర్లు. 10×25లో 2.5. 8×42లో 5 కంటే కొంచెం ఎక్కువ. పగటి వెలుతురులో మన కంటిపాప 2, 3 మిల్లీమీటర్లే తెరుచుకుంటుంది కాబట్టి 8×25 చాలు. తెల్లవారుజామున, మగ్రిబ్ వేళ కంటిపాప పెద్దదవుతుంది. అప్పుడు 8×42 స్పష్టంగా చూపిస్తుంది. ఆ కటకం వైశాల్యం 25 మిల్లీమీటర్ల దానికి దాదాపు మూడు రెట్లు. దానికి తగ్గట్టే బరువు, ధర కూడా పెరుగుతాయి. జేబులో పెట్టుకొని నడిచేవారికి 8×25, సాయంకాలం చెరువుగట్టున కూర్చొని చూసేవారికి 8×42 అని గుర్తుపెట్టుకోండి.

ఇంట్లోనే చేయగల రెండు పరీక్షలు

పెట్టె మీది అంకె నిజమో కాదో తెలుసుకోవడానికి దుకాణదారుణ్ణి అడగనక్కరలేదు. ఒక స్కేలు చాలు.

మొదటి పరీక్ష. పగటిపూట, సూర్యుడు లేని వైపు ఆకాశానికి ఎదురుగా దుర్భిణిని చెయ్యి చాచి పట్టుకోండి. కంటి కటకంలో ఒక తెల్లటి వెలుగు బిళ్ళ కనిపిస్తుంది. దాని వెడల్పును స్కేలుతో కొలవండి. వస్తు కటకం వ్యాసాన్ని కూడా కొలవండి. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే అసలు పెద్దదిచేసే శక్తి తెలుస్తుంది. మా దుర్భిణీకి ముందు కటకం కొలిస్తే 60 కాదు, 40 మిల్లీమీటర్లే. వెలుగు బిళ్ళ 5 మిల్లీమీటర్లు. 40ని 5తో భాగిస్తే 8. అంటే అది 40 రెట్లది కానే కాదు. ఆ బిళ్ళ గుండ్రంగా, అంచులు సమానంగా వెలుగుతూ ఉంటే లోపలి పట్టకాలు బాగున్నట్టు. అంచులు కోసినట్టు నలుచదరంగా, బూడిదరంగులో కనిపిస్తే నాసిరకం పట్టకమని అనుమానించాలి.

రెండో పరీక్ష. పూత పూయని ఇటుక గోడకు దూరంగా నిలబడండి. ఒక కంటితో దుర్భిణిలోంచి, రెండో కంటితో మామూలుగా, రెండు కళ్ళూ తెరిచి గోడను చూడండి. దుర్భిణిలో కనిపించే ఒక్క ఇటుక ఎత్తులో మామూలు కంటికి కనిపించే ఇటుకలు ఎన్ని వరుసలు పడతాయో లెక్కపెట్టండి. ఎనిమిది వరుసలు పడితే అది ఎనిమిది రెట్లది. అలవాటు కావడానికి కొంచెం సేపు పడుతుంది గాని, పిల్లలకు ఇది మంచి ఆట.

కొనే ముందు ఇవి చూడండి

కటకాల మీద పూత: కటకాన్ని కొంచెం వంచి ట్యూబులైటు ప్రతిబింబం చూడండి. ఆకుపచ్చ, ఊదా రంగుల్లో మందంగా కనిపిస్తే వెలుగు వృథా కాకుండా పూత వేసినట్టు. తెల్లగా మెరిస్తే పూత లేనట్టు. మాణిక్యంలా ఎర్రగా మెరిసేది చూడటానికి అందంగా ఉంటుంది గాని రంగులు సరిగా చూపించదు.

కళ్ళద్దాలు ఉన్నవారికి: కంటి కటకం నుంచి 15 మిల్లీమీటర్లు, లేదా ఇంకా ఎక్కువ దూరంలో కన్ను ఉన్నా పూర్తి బొమ్మ కనిపించేది తీసుకోవాలి. చివర ఉన్న రబ్బరు కప్పు తిప్పితే పైకి లేచేదైతే మంచిది. అద్దాలు పెట్టుకున్నవారు దాన్ని దించి, పెట్టుకోనివారు పైకి లేపి చూడాలి.

దగ్గరి చూపు: రెండు మూడు మీటర్ల దూరంలోని సీతాకోకచిలుకను కూడా స్పష్టంగా చూపించేది ఉంటే పిల్లలకు పెరట్లోనే పని దొరుకుతుంది.

గాలి, నీరు: లోపల నైట్రోజన్ నింపి మూసినదైతే వానాకాలంలో లోపలి అద్దాలకు ఆవిరి పట్టదు.

తాడు: మణికట్టుకు వేసుకునే తాడు లేకుండా పిల్లల చేతికి ఇవ్వకండి.

వీలైతే దుకాణంలో చేతికి తీసుకొని, బయటికి వచ్చి దూరంగా ఉన్న బోర్డు మీది చిన్న అక్షరాలు చదివి చూడండి. తెప్పించుకునేదైతే ముందు ఒకటే తెప్పించండి.

పట్టుకునే పద్ధతి

పిల్లలు చేసే మొదటి తప్పు దుర్భిణిని కంటికి పెట్టుకొని పిట్ట కోసం వెతకడం. అలా దొరకదు. ముందు మామూలు కంటితో పిట్టను చూడాలి. చూపు దాని మీదే నిలిపి, తల కదల్చకుండా దుర్భిణిని కంటి ముందుకు తేవాలి. రెండో తప్పు చెయ్యి గాలిలో ఉంచడం. మోచేతిని పక్కటెముకలకు ఆనించి, చూపుడువేలిని కనుబొమకు తాకించి పట్టుకుంటే బొమ్మ నిలుస్తుంది. గోడకో, చెట్టుకో భుజం ఆనిస్తే ఇంకా మంచిది. రెండో కన్ను గట్టిగా మూస్తే కాసేపటికే అలసట వస్తుంది. దాన్ని తెరిచే ఉంచి చూడటం అలవాటు చేసుకోవాలి, లేకపోతే అరచేతితో కప్పాలి.

ఇక మూడు జాగ్రత్తలు. వీటిలో మినహాయింపు లేదు.

సూర్యుణ్ణి దుర్భిణితో ఒక్క క్షణం కూడా చూడకూడదు. కంటి లోపలి పొర కాలిపోతుంది. అక్కడ నొప్పి తెలియదు కాబట్టి పిల్లవాడు కన్ను తీయడు. పోయిన చూపు తిరిగి రాకపోవచ్చు.

దుర్భిణి కంటికి పెట్టుకొని అడుగు వేయకూడదు. గండికోట లోయ అంచున, మైలవరం ఆనకట్ట దగ్గర, మేడ మీద కూర్చున్నాకే చూడాలి.

ఇతరుల ఇళ్ల వైపు, స్నానఘట్టాల వైపు తిప్పకూడదు. చూపుకు కూడా మర్యాద ఉంది. ఈ మాట మొదటి రోజే చెప్పాలి.

తుడిచే విషయం కూడా చెప్పాలి. మన ఎర్రమట్టి దుమ్ములో సన్నటి ఇసుక ఉంటుంది. చొక్కా అంచుతో తుడిస్తే అది కటకాన్ని గీస్తుంది. ముందు గాలి ఊది, మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులిపి, తరువాతే కళ్ళద్దాల గుడ్డతో తుడవాలి. డబ్బాలో ఒక సిలికా జెల్ పొట్లం వేస్తే బూజు పట్టదు.

ఏం చూపించాలి?

నెలవంకతో మొదలుపెట్టవచ్చు. 29వ రోజు సాయంత్రం సూర్యుడు పూర్తిగా అస్తమించాకే దుర్భిణి తీయాలి. సూర్యుడు దిగిన చోటికి పైన, పక్కల నెమ్మదిగా వెతకాలి. దుర్భిణిలో జాడ దొరికాక అదే చోట మామూలు కంటితో చూడటం తేలిక. దుర్భిణిలో మాత్రమే కనిపించిన నెలవంక లెక్కలోకి వస్తుందా అనేది ఉలమాలు చెప్పాల్సిన మాట. నేను సైన్సు టీచరును, అక్కడితో ఆగుతాను. చంద్రుడి మీది గుంతలు చూడాలంటే పున్నమి కంటే సగం చంద్రుడు ఉన్న రోజులే మంచివి. వెలుగు, చీకటి కలిసే గీత పక్కన నీడలు పడి గుంతలు బయటపడతాయి. దుర్భిణిని స్తంభానికి ఆనించి నిలకడగా పట్టుకుంటే గురుగ్రహం పక్కన వరుసగా చుక్కల్లాంటి చందమామలు కూడా కనిపిస్తాయి. 1610లో గెలీలియో చూసింది వాటినే.

ఇక పక్షులు. కరెంటు తీగ మీద మట్టిరంగులో కూర్చున్న పాలపిట్టను దుర్భిణిలో చూస్తే గొంతు మీది ఊదా చారలు, రెక్క అంచున నీలం తెలుస్తాయి. నీటి పైన గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలిచి, ఒక్కసారిగా కిందికి దూకే నలుపుతెలుపుల లకుముకి పిట్ట వేటను పిల్లలు ఎంతసేపైనా చూస్తారు. పులివెందుల వైపువారికి పార్నపల్లె దగ్గర చిత్రావతి జలాశయం ఉంది.

మన జిల్లాకు పక్షిశాస్త్రంలో ఒక ప్రత్యేకమైన చోటు ఉంది. 1900 తరువాత ఎవరికీ కనిపించక, అంతరించిపోయిందనుకున్న కలివికోడి 1986లో సిద్దవటం దగ్గర లంకమల అడవి అంచున మళ్ళీ దొరికింది. వెతికినవారు బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రజ్ఞులు. ఆ సంస్థకు ప్రాణంలా నిలిచిన సాలిం అలీ గారు అప్పటికి తొంభై ఏళ్లకు దగ్గరపడ్డ మనిషి. చిన్నప్పుడు బొంబాయిలో తాను కొట్టిన ఒక పిచ్చుక మెడ మీద పసుపు మచ్చ ఎందుకుందో తెలుసుకోవడానికి ఆ సంస్థ మెట్లెక్కిన ముస్లిం కుర్రవాడే ఆయన. అయితే కలివికోడిని పట్టి చూపించింది మాత్రం స్థానికుడైన ఒక పిట్టల వేటగాడు. అది రాత్రిపూట తిరిగే పక్షి. టార్చి వెలుగు, పొదల మీద అతనికున్న తెలివి పనిచేశాయి. పిల్లలకు ఈ సంగతి తప్పక చెబుతాను. దుర్భిణి ఉన్నంత మాత్రాన పిట్ట కనిపించదు. ఏ పొదలో, ఏ వేళ చూడాలో తెలిసి ఉండాలి.

ఒక అమ్మాయి చూపు

గండికోట నుంచి వచ్చాక కమిటీ ముందు జరిగింది జరిగినట్టు చెప్పాను. తరువాత రెండు మంచి 8×25 మోనోక్యులర్లు తీసుకున్నాం. ఒకటి నా సొంత డబ్బుతో, ఒకటి నిధి నుంచి. ధర ఒక్కోటి మునుపటి వాటికి నాలుగు రెట్లు. వాటితో ఒక ఆదివారం ఉదయం మా మండలంలోని ఆదినిమ్మాయపల్లె ఆనకట్ట దగ్గరికి నడిచి వెళ్ళాం. ఇరవై మందికి రెండే. వరుసలో కూర్చొని, ఒకరు చూసి పక్కవారికి అందించాలి.

వరుసలో ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె ఉంది. ఆమె చూశాక దుర్భిణి అందుకున్న ప్రతి పిల్లా “సార్, మసగ్గా ఉంది” అంటున్నారు. వాళ్ళు చక్రాన్ని చాలా దూరం వెనక్కి తిప్పుకుంటే గాని కొంగ కనిపించడం లేదు. రెండోసారి, మూడోసారి కూడా అంతే. అప్పుడు నాకు తట్టింది. దుర్భిణి చక్రం దూరాన్నే కాదు, చూసేవారి కంటిలోని లోపాన్ని కూడా కొంతవరకు సరిచేస్తుంది. హ్రస్వదృష్టి ఉన్నవారు మిగతావారు ఆగిన చోటు దాటి తిప్పుకుంటారు. ఆ అమ్మాయిని దుర్భిణి పక్కన పెట్టించి, అవతలి గట్టు మీద ఎన్ని బర్రెలు ఉన్నాయని అడిగాను. “అక్కడ బర్రెలు ఉండాయా సార్?” అంది.

రెండేళ్లుగా నా తరగతిలో ఉన్న పిల్ల. నల్లబల్ల చూసి రాయకుండా పక్కమ్మాయి నోటుబుక్కు చూసి రాస్తుందని నేనే చాలాసార్లు కోప్పడ్డాను.

ఇంటికి వెళ్ళి మాట్లాడితే వాళ్ళమ్మ ముందు ఒప్పుకోలేదు. “ఇప్పుడే అద్దాలు పెడితే రేపు సంబంధాలు ఎట్ల వస్తాయి సార్?” అంది. తప్పుగా అనుకోలేదు. ఆమె భయం ఆమెది. పిల్ల నాన్నమ్మ పక్కనే కూర్చొని వింటూ ఉంది. “రోడ్డు మీద లారీ కనపడకుంటే సంబంధం యాడిది?” అంది ఆవిడ. ఆ వారమే ప్రొద్దుటూరులో కంటి పరీక్ష చేయించారు. రెండు కళ్ళకూ మైనస్ మూడు దగ్గర వచ్చింది. అద్దాలు పెట్టుకొని బయటికి వచ్చిన రోజు వేపచెట్టుకు ఆకులు విడివిడిగా ఉంటాయని చెప్పిందట వాళ్ళమ్మతో.

ఒక మాట స్పష్టం చేయాలి. దుర్భిణి కంటి పరీక్ష కాదు, అద్దాలకు బదులూ కాదు. అనుమానం వస్తే కంటి డాక్టరు దగ్గరికే వెళ్ళాలి. అద్దాలతో కూడా సరిగా కనిపించని పిల్లలు నల్లబల్ల చదవడానికి చిన్న మోనోక్యులర్లు వాడే పద్ధతి ఉంది. అది కూడా హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వంటి చోట్ల పరీక్షించి, నేర్పించి ఇవ్వాల్సింది. మనంతట మనం కొని ఇచ్చేది కాదు.

లెక్క

ఆ అమ్మాయి అద్దాలకు, ఫ్రేముకు కలిపి అయిన ఖర్చు నేను కొన్న పనికిరాని దుర్భిణి ఒక్కదాని ధర కంటే ఎక్కువ కాలేదు. పదింటి సొమ్ముతో పదిమందికి అద్దాలు వచ్చేవి. ఈ లెక్క వేసుకున్న రోజు నాకు నిద్ర పట్టలేదు.

అందుకని కమిటీకి రెండు విన్నపాలు రాసి ఇచ్చాను. మొదటిది, ఇకపై పిల్లలను ఎక్కడికి తీసుకెళ్ళినా అంతకు ముందు వాళ్ళందరికీ కంటి పరీక్ష చేయించాలి. రెండోది, పిల్లల కోసం ఏ వస్తువు కొన్నా ముందు ఒకటి తెప్పించి, వాడి చూసి, ఇద్దరు ఉపాధ్యాయులు సంతకం పెట్టాకే మిగతావి కొనాలి. రెండింటికీ కమిటీ పెద్దలు ఒప్పుకున్నారు.

దాతలకు కూడా ఒక మనవి. “పది ఇచ్చాం” అని చెప్పుకోవడానికి బాగుంటుంది గాని, దుర్భిణి విషయంలో ఇరవై మందికి రెండు మంచివి చాలు. వంతు కోసం ఎదురుచూసే పిల్లలు మామూలు కంటితో గట్టునంతా గాలిస్తారు, తమ వంతు రాగానే దుర్భిణిని ఎటు తిప్పాలో వాళ్ళకు ముందే తెలిసి ఉంటుంది.

ఆ రెండు మోనోక్యులర్లు సొసైటీ కార్యాలయంలో బీరువాలో ఉన్నాయి. పక్కన ఒక రిజిస్టరు పెట్టాం. ఎవరి పిల్లలైనా పేరు రాసి, సంతకం పెట్టి, వారం రోజులు తీసుకెళ్ళవచ్చు. పనికిరాని పదీ కూడా పారేయలేదు. వాటిని విప్పి కటకాలు, గొట్టాలు వేరుచేసి పాఠానికి వాడుతున్నాను. ఇన్షా అల్లాహ్, వచ్చే రంజాన్ నెలవంక కోసం పిల్లలను మిద్దె మీదికి తీసుకెళ్తాం. సూర్యుడు పూర్తిగా దిగాకే.